మోకాళ్ళ గుజ్జు

దుర్గాబాయి కుచ్చెళ్ళు సర్దుకుని, ఎడమ కాలు మడిచి, దాని మీద కుడి కాలు మడిచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పీట మీద కూర్చుంది. హాలు నిండా జనం పెళ్ళికూతుర్ని చూస్తుంటే పెళ్ళికూతురి తల్లి వినోద మాత్రం తోటికోడలి మోకాళ్ళను చూస్తోంది. వంగాయి. ఎంత బాగా వంగాయో. సన్నాయివాళ్ళు అప్పుడే ఊదడం ఆపారు, చప్పుడేమైనా అయి ఉంటే ముందు వరుసలో ఉన్న వినోదకు వినపడేదే, ఏ చప్పుడూ లేదు. తన మోకాళ్ళయితే మంచం దిగినప్పుడల్లా ఇసుక పడ్డ తలుపు బందుల్లా గరగరమంటాయి. అందుకే అందరూ సోఫాల్లో ఉంటే తానొక్కతే ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది, సోఫాలో కూరుకుపోతే ఇద్దరు పట్టి లేపాలి. ఆ పీట మీద కూర్చోవలసింది తాను. పక్క పీట మీద తన మొగుడు శేఖర్. ఇది వాళ్ళ బిడ్డ రోజారాణి పెళ్ళి, పక్కింటి పిల్లది కాదు. పెళ్ళికొడుకు కాళ్ళ మీద మొగుడు చేతులు పెడితే చెంబుతో నీళ్ళు పొయ్యవలసిన చెయ్యి తనది. కాని అక్కడ శేఖర్ అన్న రాఘవేందర్, ఆయన పెళ్ళాం దుర్గాబాయి దర్జాగా కూర్చున్నారు. శేఖర్ మండపం పక్కన కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, వచ్చినవాళ్ళకు దండాలు పెడుతూ, చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషిలా నవ్వుతున్నాడు. వినోదకు మోకాళ్ళు వంగవు, కింద కూర్చోలేదు, పాపం అందుకని పెద్దవాళ్ళు కూర్చున్నారు అనే మాట హాలంతా తిరిగింది. ఎంతమంది వచ్చి చెయ్యి పట్టుకుని "అయ్యో, నీ నసీబు గిట్లాయె" అన్నారో లెక్కలేదు. అది వట్టి సాకని వినోదకు ఈ పొద్దుటిదాకా తెలియదు.

పొద్దున రోజ స్నానానికి వెళ్ళిన సందు చూసుకుని, పెళ్ళికూతురి గదికి లోపల గడియ పెట్టి, మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. కూర్చోగలిగింది. నొప్పి లేదని ఎవరన్నారు, ఉంది, కాని పళ్ళు బిగపడితే ఓర్చుకునే నొప్పి. బండల చల్లదనం తొడలకు తగిలి ఎన్నేళ్ళయిందో, చిన్నపిల్లలా నవ్వొచ్చింది. రోజ నీళ్ళు పోసుకున్నంత సేపూ అలాగే కూర్చుని, తనంతట తనే లేచి, పరుగులాంటి నడకతో వంటల దగ్గరికి పోయి శేఖర్‌ను పక్కకు పిలిచింది. "ఏమయ్యా, నేను కూసున్న. మందు పనిజేసింది. పీటల మీద మనమే కూసుందాం." శేఖర్ గంజులో నూనె వైపు చూస్తూ, "గిప్పుడేం లొల్లి వెడతవే? వదినె పొద్దటి సంది ఒక్కపొద్దున్నది," అన్నాడు. "నేను గూడ ఒక్కపొద్దున్న." "నిన్నెవరుండమన్నరు?" ఆమె కదలకుండా నిలబడింది. ఆ నిలబడడం చూసి చెప్పాడు. "అన్నకు ఆడపిల్ల లేదు గదా. రోజ పుట్టిన్నాడే అడిగిండు, దీని కన్యాదానం మేం జేసుకుంటం రా అని. సరేనన్న. ఇగ ఇప్పుడు మాట దప్పమంటవా?"

రోజ పుట్టిననాడే. ఆసుపత్రిలో తాను బిడ్డ మొహం సరిగా చూసుకోకముందే ఆ బిడ్డ పెళ్ళిలో తల్లి చోటు ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆడపిల్లలు లేనివాళ్ళు అన్నదమ్ముల బిడ్డకు కన్యాదానం చేసి ఆ పుణ్యం కట్టుకోవడం కొత్తేమీ కాదు, ఈ ఊళ్ళలో ఉన్నదే. అడిగి చేస్తారు. తల్లిని కూడా అడిగి చేస్తారు. తనను అడిగి ఉంటే కాదనేది కాదేమో. ఏమో, కాదనేదే, ఇవాళ ఎవరికి మర్యాద చెయ్యాలి, కాదనేదే. ఇన్నేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికి ఒక్కసారి నోరు జారి అయినా చెప్పలేదు చూడు. మోకాళ్ళు అరిగాయి కనుక ఆయనకు చెప్పే పనే తప్పింది. లేకపోతే ఏ సాకు వెతికేవాడో, తనకు కళ్ళు కనపడవనేవాడా, బుద్ధి సరిగా లేదనేవాడా. పీట మీద కూర్చుంటే ఏమొస్తుంది అని నిన్న ఎవరో అన్నారు, కాళ్ళు కుదురుగా ఉన్నవాళ్ళే అన్నారు. ఏమొస్తుందో ఎలా చెప్తుంది. అత్వెల్లిలో తన పెళ్ళి, వాకిట్లో పందిరి, అమ్మ చేతిలో ఇత్తడి చెంబు. తెల్లవారుజామున కొత్తిమీర కట్టలు కట్టి వచ్చి పట్టుచీర కట్టుకుంది, ఎంత పసుపు రాసినా అమ్మ చేతుల్లోంచి ఆ వాసన పోలేదు. శేఖర్ కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ పోస్తూ అమ్మ ఒక్కసారి తలెత్తి తనను చూసింది. ఆ పెళ్ళిలో అమ్మా తానూ ఒకరినొకరు చూసుకున్నది అప్పుడొక్కసారే, మిగిలినదంతా హడావిడి, ఫొటోలు, అలకలు. అమ్మ కాలం చేసిన తరవాత వినోదకు గుర్తొచ్చే అమ్మ మొహం అదే. రోజకు అలాంటి చూపు ఒకటి ఇవ్వాలనుకుంది. అంతే కావాలి, అంతకంటే ఏం అడిగింది.

వంటల వైపు తలుపు తీసినప్పుడల్లా మటన్ వాసన వస్తోంది. ఖాళీ కడుపుకు అది పొయ్యి మీద ఉన్న కూరలా కాదు, పళ్ళెంలో పెట్టిన కూరలా తగులుతోంది. పక్క సోఫాలో అత్త సిద్దమ్మ కునికిపాట్లు పడుతూ వాసన తగలగానే కళ్ళు తెరిచి మళ్ళీ మూస్తోంది. ఈ ముసలావిడ చెయ్యి ఎంత గట్టిదో ఒకప్పుడు. అలియాబాద్ ఇంట్లో ఆదివారమైతే కోడికూర, వండేది వినోద, గంటె పట్టేది అత్త. గంజు ముందు కూర్చుని అడుగుదాకా కలిపి, ఏ ముక్క ఎవరికో చూడకుండానే వేసేది. ఒక కాలు పెద్దకొడుకుకు, ఒక కాలు చిన్నకొడుకుకు, కార్జం పిల్లలకు, కందనకాయ మామకు. రొమ్ము దగ్గర మెత్త బొక్క ఒకటి ఉంటుంది, పళ్ళ కింద కరకరమంటుంది, అది దుర్గాబాయికి. పెద్దకోడలు, మగపిల్లల తల్లి. అందరివీ అయ్యాక వినోద పళ్ళెంలో మెడ, వీపు, నాలుగు చుక్కల పులుసు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఒకసారి వండుతూ వండుతూ ఆ మెత్త బొక్కను తీసి నోట్లో వేసుకుంది. నాలుక కాలింది, అయినా ఎంత బాగుందో. పంచేటప్పుడు అత్త గంటెతో వెతికి వెతికి, "గీ కోడికి రొమ్మే లేదా ఏంది?" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు, అందరికంటే శేఖర్ గట్టిగా నవ్వాడు, దుర్గాబాయి మాత్రం నవ్వలేదు. ఆ తరవాత వినోద మళ్ళీ ఆ పని చెయ్యలేదు. అత్త చెయ్యి వణకడం మొదలై, బావవాళ్ళు మేడ్చల్‌లో మేడ కట్టుకుని పోయాక గంటె వినోద చేతికే వచ్చింది. వచ్చి ఏం లాభం, ఆ చెయ్యి తన పళ్ళెం దాకా రావడం నేర్చుకోలేదు. మెత్త బొక్కలు రోజకు, బావవాళ్ళు వస్తే దుర్గాబాయికి, "అక్కకు ఇష్టం" అని తానే ఏరి పక్కన పెట్టేది. పెట్టమని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్ళను తిట్టుకుని ఊరుకునేది.

మేడ్చల్ బొక్కల డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి, "గుజ్జు అరిగిపోయిందమ్మా, బొక్కకు బొక్క రాసుకుంటున్నది" అన్నప్పుడు వినోదకు ఏడుపుకు బదులు నవ్వొచ్చింది. ఎలా అరగదు. పాలకూర మళ్ళలో, మెంతికూర మళ్ళలో గొంతుక్కూర్చుని కోసి, కట్టలు కట్టి, బుట్టలకెత్తి, చలికాలం తడి మన్ను చీలమండల దాకా అంటుకుని, అలా గడిచిన ఏళ్ళన్నీ మోకాళ్ళలోకే దిగాయి. అప్పుడు పొద్దస్తమానం కూర్చున్నా నొప్పి తెలియలేదు. ఇప్పుడు మళ్ళు లేవు, హద్దురాళ్ళు పాతిన ప్లాట్లున్నాయి, వాటిని చేయించింది కూడా బావే. "ఇగ నీకు సుఖమే గదా వినోదా" అన్నాడాయన. సుఖం వచ్చేసరికి మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. తమ్ముడు రవీందర్ దూలపల్లిలో మందుగోలీలు నింపే కంపెనీలో పనిచేస్తాడు, వాడు ఒక తెల్ల డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. "అక్కా, గిది కోడి మెత్త బొక్కల కెల్లి తీసిన పొడి. ఆరబెట్టి, మెత్తగ జేసి గోలీలల్ల నింపుతరు. పరగడుపున దినాం ఒక్కటి, ఇడువకుండ ఏస్కోవాలె. నువ్వేస్కో, ఊరోళ్ళకు పంచకు." డాక్టరును అడిగితే, "ఏసుకో, కొందరికి జర నొప్పి తగ్గుతది, కొందరికి ఏం తేడా ఉండదు. పోయిన గుజ్జు తిరిగొస్తదని ఆశ మాత్రం పడకు" అన్నాడు. వినోద ఆశపడింది. మెత్త బొక్క మొదటిసారి తన పేరు మీద ఇంటికొచ్చింది, ఆశపడకుండా ఎలా ఉంటుంది. మొదటి గోలీని మింగకుండా విప్పి పొడిని నాలుక మీద వేసుకుని చూసింది. ఉప్పూ లేదు, కారమూ లేదు, సుద్దలాగా ఉంది. ఇదేనా, దీనికోసమేనా అనుకుంది.

డబ్బాను ఫ్రిజ్ మీద పెట్టడం తప్పయింది. అత్త చూసింది, "నా మోకాళ్ళు మోకాళ్ళు గావా? నాకోటియ్యి" అంది. ముసలిప్రాణం, ఇచ్చింది. శేఖర్ నడుం పట్టుకుని వచ్చాడు, రాత్రి అన్నం తిన్నాక వేసుకున్నాడు. పరగడుపునయ్యా అంటే "లోపటికి వోయినంక అన్నీ ఒక్కటే" అన్నాడు. ఆదివారం వచ్చిన బావ అరచేతిలో రెండు పోసుకుని పల్లీల్లాగా నోట్లో వేసుకుని, మంచిగనే ఉన్నయి అన్నట్టు తలాడించాడు. అది ఒకరి మందని ఎవరికీ తోచలేదు. వంటింట్లో ఉన్న వస్తువు, వంటింట్లో ఉన్న మనిషి అందరికీ వెయ్యాలి, అంతే. ఒకరిని ఎందుకనాలి, పంచింది తనే కదా. పొద్దున్నే చాయ్‌తో పాటు అత్తకొకటి, ఆయనకొకటి, మిగిలితే తనకు. రవీందర్ ఫోన్ చేసి "ఏస్కుంటున్నవా అక్కా?" అంటే "దినాం ఏస్కుంటున్న తమ్మీ" అని నోటికొచ్చిన అబద్ధం చెప్పింది.

లగ్నపత్రిక రాసిన రోజు పంతులు "కాళ్ళు కడిగేది ఎవరు?" అని అడిగాడు. బావ గొంతు సవరించుకుని, "వినోద కింద కూసోలేదు గదా పంతులూ, మేం కూసుంటం రాయుండ్రి" అన్నాడు. శేఖర్ సెల్‌ఫోన్‌లో ఏదో వెతుకుతున్నాడు. వినోద వంటింటి గడపలోంచి, ఆ ఇంట్లో బావ మాటకు అడ్డురావడం అదే మొదలు, "లగ్గం నాటికి నేను కూసుంట బావా. మందు వాడుతున్న," అంది. "సూద్దాం తియ్" అన్నాడు బావ. ఆ "సూద్దాం" ను పిచ్చిది మాటిచ్చినట్టే పట్టుకుంది. పాత డబ్బాను, తమ్ముడు మళ్ళీ తెచ్చిన కొత్తదాన్ని బియ్యం డ్రమ్ములో దాచింది. పొద్దున లేచి, స్నానం చేసి, ఎవరూ చూడకుండా ఒక్కటి. తరవాత గోడకు వీపు ఆనించి కిందికి జారడం, నిన్నటికంటే ఇవాళ ఇంకొంచెం, అమ్మా అని అరుపు వస్తే చెంగు నోట్లో కుక్కుకోవడం. సరిగ్గా ఆ వారమే దుర్గాబాయి వచ్చింది. ఎన్నడూ లేనిది వంటింట్లోకి వచ్చి చెయ్యి పట్టుకుంది. "చెల్లె, నాగ్గూడ మెట్లెక్కుతుంటే మోకాలు గుంజుతాంది. మీ తమ్ముడు దెచ్చిన గోలీలు ఒక డబ్బా ఇయ్యరాదూ?" అంది. వినోద బియ్యంలో చెయ్యి పెట్టి డబ్బా తీసింది. కొత్తది, మూత సీలు కూడా తియ్యనిది. ఇచ్చేసింది. పాతదాని అడుగున మిగిలినవాటిని తాను రోజు విడిచి రోజు వేసుకుంది. ఎందుకడిగిందో ఈ పొద్దున కదా తెలిసింది. ఇదిగో ఈ పీట కోసం. తెలిసే అడిగి ఉంటుందా? అక్క మంచిదే, జ్వరమొస్తే వచ్చి గంజి కాచి పోసింది, రోజకు గాజులు కొనిపెట్టింది. తెలియకుండా ఎలా అడుగుతుంది, మొగుడు చెప్పకుండా ఉంటాడా, అందరి మొగుళ్ళూ శేఖర్‌లా ఉండరు. తెలిసే చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత వెచ్చగా ఉందో అని తాను ఆ రోజంతా అనుకుంది కూడా. ఛీ. రోజకు తెలుసా? నిన్న గోరింట పెట్టుకుంటూ, "నీకు నొస్తదమ్మా, పెద్దమ్మ కూసుంటది తియ్, నువ్వు పరేషాన్ గాకు" అంది. పిల్లకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. జాలిపడింది, అది చాలు.

పంతులు మైకులో సంకల్పం చదువుతున్నాడు. గోత్రం చెప్పి, ముత్తాత, తాత, తండ్రి అని వరసగా పేర్లు పిలిచి, వాళ్ళ ప్రపౌత్రి, పౌత్రి, పుత్రి అంటున్నాడు. ఆ పేర్లలో తల్లి పేరు ఎవరి పెళ్ళిలోనూ రాదు, వినోదకు తెలుసు, అయినా ఇవాళ చెవులు అక్కడే పెట్టి విన్నది. రాలేదు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. అప్పుడు చూసింది, దుర్గాబాయి కుడి మోకాలు మెల్లగా పైకి లేవడం. అరచేత్తో దాన్ని కిందికి నొక్కుకుంది. కాసేపాగి ఎడమ కాలు మార్చింది, నుదుటి మీద చెమటకు కుంకుమ కారుతోంది, మొగుడి వైపు వంగి ఏదో చెప్పింది. వినోద కడుపులో సంతోషం కదిలింది. సిగ్గులేని సంతోషం, దాన్ని తోసెయ్యాలని కూడా అనిపించలేదు. డబ్బాకు డబ్బా మింగింది, సీలు తియ్యని డబ్బా, ఏమైంది? లేవమను ఇప్పుడు. లేచి వచ్చేయమను. నాకు చేతకాదు చెల్లె, నువ్వు రా అనమను. ఒక్క నిమిషం వినోద అది నిజంగా జరుగుతుందనే అనుకుంది, చెంగు నడుముకు దోపుకుంది కూడా.

"కాళ్ళు గుంజుతున్నయా తల్లీ? కుర్చీ ఏసుకుని కూసో," అన్నాడు పంతులు, మైకు నోటి దగ్గరే ఉంది కనుక హాలంతా విన్నది. "శాస్త్రానికేం అడ్డం లేదు. గీ రోజులల్ల అందరూ కుర్చీలల్లనే కూసుంటున్నరు."

కుర్చీ. చెంగు నోట్లో కుక్కుకుని గోడ వెంబడి జారిన ఆ పొద్దులన్నీ, బియ్యంలో దాచిన డబ్బాలన్నీ, ఒక కుర్చీతో తీరేదానికి. లగ్నపత్రిక రాసిననాడే పంతులుకు ఈ సంగతి తెలుసు, అడిగితే చెప్పేవాడు, కాని కూసోలేదు గదా అని బావ అంటే ఎందుకు కూసోలేదు అని అడిగే పని పంతులుకేముంది. శేఖర్ అడగలేదు. చదువుకున్న రోజ అడగలేదు. సరే, తనకేమైంది? తన నోటికేమైంది? కూర్చోలేనివాళ్ళకు చోటు లేదని వాళ్ళు అనకముందే తానే అనుకుంది. దుర్గాబాయికి కాళ్ళు గుంజేసరికి ఏ అడ్డమూ లేకుండా పోయింది. అన్వేష్, దుర్గాబాయి పెద్దకొడుకు, మండపం దిగి గబగబా తన దగ్గరికే వచ్చాడు. "చిన్నమ్మా, జర లేస్తవా? అమ్మకు కుర్చీ గావాలె. సోఫా పైకి ఎక్కదు." మంచి పిల్లవాడే, చెయ్యి కూడా అందించాడు, "నువ్వు గా సోఫాల కూసో" అన్నాడు. వినోద లేచింది. లేవకుండా ఉండవచ్చని లేచిన తరవాత తోచింది. అప్పటికి కుర్చీ మండపం మెట్లెక్కుతోంది.

దుర్గాబాయి కుర్చీలో కూర్చుని చెంబు అందుకుంది. వినోద నిలబడే ఉంది. అత్త సోఫాలో కొంచెం జరిగి, "గిట్ల రా, కూసో" అని పక్కన తట్టింది. వినోద అటు పోలేదు. అక్కడే, మండపం మెట్ల ముందు ఎర్ర తివాచీ మీద, పట్టుచీరతో, ఏ కోడూ ఏ గోడా పట్టుకోకుండా కిందికి దిగింది. కుడి మోకాలు గరగరమంది, తొడదాకా మంట లేచి కళ్ళలోకి నీళ్ళొచ్చాయి, అయినా ఆగలేదు. ఎడమ కాలు మడిచింది. కుడి కాలిని రెండు చేతులతో పట్టుకుని దాని మీదికి తెచ్చుకుంది. కూర్చుంది. చూడండి. ఎవరైనా చూడండి, కూర్చున్నాను కదా, వంగాయి కదా. మందు వంచిందో మొండితనం వంచిందో ఎవరికి తెలుసు, వంగాయి. శేఖర్ ఎవరికో వంగి వంగి దండం పెడుతున్నాడు. బావ ఇత్తడి పళ్ళెంలో పెళ్ళికొడుకు పాదాలు పట్టుకున్నాడు. దుర్గాబాయి కుర్చీలోంచి ముందుకు వంగి నీళ్ళు పోస్తోంది, ధార పళ్ళెంలో పడే చప్పుడు మైకులోంచి హాలంతా వినపడుతోంది. రోజ తలెత్తింది. నీళ్ళు పోసే చెయ్యి వైపు, దాని వెనక ఉన్న మొహం వైపు చూసింది, పెద్దమ్మను చూసి కళ్ళు తుడుచుకుంది. పిల్ల తప్పేం లేదు. ఎవరు నీళ్ళు పోస్తే వాళ్ళనే చూస్తారు. వినోద కుడి చెయ్యి ఒళ్ళో చెంబు వంచినట్టు ఒకవైపుకు వంగి ఉంది, అది చూసుకుని చప్పున పిడికిలి బిగించింది.

మగపెళ్ళివాళ్ళు కరీంనగర్ నుంచి తెచ్చుకున్న వీడియో అతను కెమెరా భుజాన పెట్టుకుని వెనక్కి అడుగులేస్తూ ఆమె వెనక ఒంగి ఆగాడు.

"అమ్మా, జర పక్కకు జరుగుండ్రి. పిల్ల తల్లిని తీస్తున్న, మీ తలకాయ అడ్డమొస్తాంది."

ఆమె జరగలేదు. అతను కెమెరాలోంచి కన్ను తీసి కిందికి చూశాడు.

"గిప్పుడే గీడ కూసోవాల్నా అమ్మా? ఇంతకు మీరు పిల్లకేమైతరు?"

వినోద మండపం మీదికి చూసింది. చెంబులో నీళ్ళు అయిపోయినట్టున్నాయి, దుర్గాబాయి దాన్ని కింద పెట్టి చేతులు తుడుచుకుంటోంది.

"పెద్దమ్మనైత," అంది. రెండు చేతులూ నేలకు ఆనించి, మడిచిన కాళ్ళు మడిచినట్టే ఉండగా, కూర్చున్న చోటు నుంచే పక్కకు జరిగింది.